తల్లిగారిల్లు తెలియని మాట

దంచిన బియ్యం ఎవ్వరికే, ఓ సుక్కలాల
తల్లిగారి తొవ్వ ఏదే, ఓ సుక్కలాల
వాగు దాటి, వంక దాటి...

ఆ తరవాత ఏముందో భూదవ్వకు గుర్తు లేదు. వాగు, వంక దాటాక ఎటు తిరగాలో పాటలో ఉండే ఉంటుంది. చిన్నప్పుడు లచ్చవ్వ రోకలి ఎత్తి వేస్తూ పాడుతుంటే విన్నది. లచ్చవ్వ పోయి చాలా కాలమైంది. మిగతా సగం పాట ఆమెతోనే పోయింది.

శుక్రవారం పొద్దున, దర్గా పక్క గది గడప బయట, చేతిలో చీపురుతో భూదవ్వ ఆ సగం పాటే సణుగుతూ నిలబడింది. రోజూ తలుపు తోసుకుని లోపలికి పోయే మనిషి. ఇవాళ కాళ్ళు రావడం లేదు.

"పాటా బయటనే, పాడే మనిషీ బయటనే. చెత్త ఒక్కటే లోపలుంది," అన్నారు లోపలినుంచి ఇనాయతుల్లా సారు.

భూదవ్వ నవ్వలేదు. అప్పుడు సారు కళ్ళద్దాలు తీసి ఆమె వైపు చూశారు.

ఇనాయతుల్లా సారు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. తాతగారి దర్గాకు ఆనుకుని ఉన్న గదిలో ఒక్కరే ఉంటారు. గురువారం దర్గాకు వచ్చిన జనం ఆయన దగ్గర కూడా ఆగి తాయెత్తు అడుగుతారు. ఆయన దగ్గర తాయెత్తులు లేవు. పిల్లవాడికి పరీక్షంటే భయంగా ఉంది బాబా అంటే, ఆ పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని ఒక ఇంగ్లీషు మాట చెప్పి, అది ఏ ఇంట్లో పుట్టింది, ఎవరితో కలిసి పెరిగింది, ఎట్లా ఇక్కడిదాకా వచ్చింది, కథలాగా చెప్పి పంపేవారు. పిల్లలు నవ్వుకుంటూ పోయేవారు. ఊళ్ళో ఆయనకు డిక్షనరీ బాబా అని పేరు పడింది.

నిజంగానే ఆయన ఒక డిక్షనరీ రాస్తున్నారు. తెలుగు మీడియం పిల్లల కోసం. ఆ పని ఎట్లా చేసేవారో చెబితే వింతగా ఉంటుంది. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళి అయినా మిగిలిపోయిన శుభలేఖలు ఆయనకు తెచ్చి ఇచ్చేవారు. వాటిని చీటీలుగా కత్తిరించి, ఒక్కో చీటీ మీద ఒక్కో మాట రాసి, మూలన చిల్లు పొడిచి, దారానికి కట్టేవారు. పైన తల్లి మాట, దాని కింద బిడ్డ మాట, ఆ కింద మనవరాలు. దూలానికి వరసగా మేకులు. మేకు మేకుకూ ఒక వంశం వేలాడేది. అంచులకు బంగారు రంగు, వెనకవైపు సగం తెగిన వినాయకుడు, ముందువైపు ఇంగ్లీషు మాట.

గదిలో ఫ్యాను ఉంది కానీ వేసేవారు కాదు. వేస్తే వంశాలన్నీ కలిసిపోతాయి. మండు వేసవిలో కూడా సారు విసనకర్రతో, అదీ మోకాలి కంటే పైకి ఎత్తకుండా, విసురుకునేవారు.

భూదవ్వ ఆ గది ఊడ్వడానికి వచ్చింది. వచ్చిన కొత్తలో ఒకరోజు కింద పడ్డ చీటీని కాగితం ముక్క అనుకుని చెత్తలో పారేసింది. సారు కుప్పలో వెతికి తెచ్చుకున్నారు. ఏమీ అనలేదు. మర్నాడు పలక ఒకటి కొనుక్కొచ్చి, చీపురు పక్కన పెట్టారు.

అప్పటికి ఆమెకు నలభై దాటింది. అక్షరం పట్టుబడిన రోజున ఆమె బజారంతా తిరిగి బోర్డులు చదువుకుంది. ఇన్నాళ్ళూ ఈ గోడలన్నీ మాట్లాడుతూనే ఉన్నాయా, నేనే వినలేదా అని ఆశ్చర్యపోయింది. తెలుగు అయ్యాక ఇంగ్లీషు అక్షరాలు కూడా నేర్చుకుంది. ఇప్పుడు చీటీలు కట్టే పని ఆమెదే. మేకులు కొట్టడమూ ఆమె పనే. సారుకు చేతులు వణుకుతాయి.

దారాలు కట్టడం నేర్చుకునేటప్పుడు ఆమె ఒక మాట అడిగింది. "అంటే సారూ, పైన చీటీ ఉన్నది చూడుండ్రి, అది కింద దానికి తల్లిగారిల్లా?"

సారు తల ఎత్తి ఆ పై చీటీ కేసి చూశారు. తరవాత తన రాతప్రతి తీసి, ప్రతి మాట కిందా 'వ్యుత్పత్తి' అని రాసి ఉన్నచోట కొట్టేసి, 'తల్లిగారిల్లు' అని రాసుకుంటూ పోయారు.

కిటికీ దగ్గర ఒక వెదురు బుట్ట ఉండేది. ఎక్కడ పుట్టాయో ఎంత వెతికినా దొరకని మాటల చీటీలు అందులో వేసేవారు. సారు దాన్ని అమానతు బుట్ట అనేవారు. ఎవరో వచ్చి మాదే అనేదాకా మన దగ్గర భద్రంగా ఉండే సొమ్మన్నమాట. ఆ బుట్టను భూదవ్వ ఎప్పుడూ నేరుగా చూసేది కాదు. దాని చుట్టూ ఊడ్చేది, దాన్ని జరిపేది కాదు.

ఎందుకంటే ఆమె కూడా అట్లాంటి మనిషే. ఊహ తెలియని వయసులో జాతరలో తప్పిపోయింది. ఎవరి పిల్లో ఎవరూ చెప్పలేదు, ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. బీడీలు చుట్టుకుని బతికే లచ్చవ్వ ఇంటికి తెచ్చుకుని పెంచింది. లచ్చవ్వకూ వెనకా ముందూ ఎవరూ లేరు. భూదవ్వకు పెళ్ళి కాకముందే ఆమె కన్ను మూసింది. అత్తగారింట్లో తోడికోడళ్ళకు వాళ్ళ తల్లిగారి ఇళ్ళనుంచి వచ్చి ఒడిబియ్యం పోసేవారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ ఒళ్ళో పోసి, చల్లగా ఉండమని దీవించేవారు. ఆ పూట భూదవ్వకు ఎప్పుడూ పెరట్లోనే పని ఉండేది. భర్త మంచివాడు. ఇన్నేళ్ళలో ఒక్క మాట అనలేదు. కానీ ఆయన పోసేది కాదు కదా ఒడిబియ్యం.

ఇప్పుడు గది బయట నిలబడ్డ ఆమె కష్టం కూడా అదే.

"లోపలికి రా బిడ్డా. ఏమైంది?" అన్నారు సారు.

భూదవ్వ వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఆదివారం మా బిడ్డ నవనీతకు ఒడిబియ్యం పోద్దామనుకున్న సారూ. పెండ్లైనంక మొదటిసారి. నిన్న మా వియ్యపురాలు ఫోన్ చేసింది. సులోచన వదినె. వాళ్ళింట్ల ఒక ఆనవాయితున్నదట. బిడ్డకు పోసే తల్లికి, ముందుగాల ఆమె తల్లిగారోళ్ళు వచ్చి పొయ్యాల్నట. ఆ బియ్యంల నుంచే పిడికెడు తీసి పిల్ల బియ్యంల కలపాల్నట. లేకుంటే ఆ ఒడి వాళ్ళు ఇంటికి తీసుకపోరట."

"నువ్వేమన్నవు?"

భూదవ్వ కొంగు వేలికి చుట్టుకుంది. "మా అన్న వస్తడని చెప్పిన."

"నీకు అన్న ఉన్నడా?"

"లేడు సారూ."

సారు విసనకర్ర కింద పెట్టారు.

"నోట్ల నుంచి వచ్చేసింది. ఏ ఊరు అన్నది. మెట్‌పల్లి దిక్కు అన్న. ఏం చేస్తడు అన్నది. పసుపు వ్యాపారం అన్న. మంచిగ బతికినోళ్ళే అన్నమాట అన్నది. అవునన్న." భూదవ్వ గొంతు తగ్గించింది. "సారూ, మీ దగ్గర చదువుకున్నోళ్ళు ఎంతమంది లేరు? జర పెద్దమనిషి లెక్క ఉన్నోడు, ధోతి కట్టుకునెటోడు, ఒక్కరోజు మాటకు మా అన్నగా..."

సారుకు నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. భూదవ్వ లేచి నీళ్ళు ఇచ్చింది.

"నేను పనికిరానా?"

"మీ గడ్డం చూసి ఏమంటది సారూ మా వదినె!"

"పసుపు పూసుకుని వస్త." ఆయన నీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టారు. "ఇంటిపేరు?"

"ఇంకా అనుకోలే."

సారు లేచారు. గోడ పట్టుకుని నడుస్తూ, దూలం చివర వేలాడే పెద్ద గుత్తి దగ్గరకు పోయారు. అది స్కాందెరె అనే లాటిన్ మాట ఇల్లు. ఎక్కడం అని అర్థం. దాని కింద బోలెడు సంతానం. అసెండ్, డిసెండ్, స్కాన్, ట్రాన్సెండ్. గదిలో అంతకన్నా నిండు ఇల్లు ఇంకోటి లేదు.

ఆ గుంపులో చివరన వేలాడే ఒక గులాబీ రంగు చీటీని సారు వేలితో తాకారు.

"ఈమె ఎప్పుడొచ్చింది ఈ ఇంటికి?"

భూదవ్వ ముఖం వేడెక్కింది.

ఆ చీటీ మీద 'అస్కాన్స్' అని ఉంది. ఆ మాట సారు చెప్పిన రోజు ఆమెకు బాగా గుర్తు. "ఇది పని చేసే మాట కాదు బిడ్డా. పని ఎట్ల చేసిన్రో చెప్పే మాట. చూసిండు. ఎట్ల చూసిండు? అస్కాన్స్." అని, తల తిప్పకుండా, కంటి కొన ఒక్కటే ఆమె వైపు తిప్పి, కనుబొమ్మ కొంచెం ఎగరేసి చూపించారు. నమ్మకం లేని చూపు. నువ్వెవరో మాకు తెలియదులే అనే చూపు.

ఆ చూపు భూదవ్వకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. పెళ్ళి చూపుల్లో చూసింది. తోడికోడళ్ళ ఒడిబియ్యాల్లో చూసింది. నవనీతకు సంబంధం కుదిరేటప్పుడు మళ్ళీ చూసింది.

"దీని తల్లిగారిల్లు సారూ?" అని ఆ రోజే అడిగింది.

"ఇటలీ అంటరు కొందరు. డచ్చి వాళ్ళది అంటరు కొందరు. ఫ్రెంచి అన్నోళ్ళూ ఉన్నరు. పెద్ద పెద్ద పుస్తకాలన్నీ ఆఖరికి ఒకటే మాట రాసినయి. తెలియదు." అని ఆయన దాన్ని బుట్టలో వేశారు.

అది బుట్టలో పడుకోవడం ఆమెకు తట్టుకోరానిదైంది. ఇంత మంది వాడుకుంటున్న మాట. అన్నేళ్ళుగా బతికిన మాట. దానికి మాత్రం ఇల్లు లేదా? ఒకరోజు సారు నమాజుకు పోయినప్పుడు తీసి, గదిలో అందరికంటే పెద్ద ఇల్లు చూసి, ఆ గుంపులో కట్టేసింది. అక్షరాలు కూడా కాస్త ఒకే పోలిక. అంతమంది పిల్లల్లో ఒకతె ఎక్కువైతే ఎవరు లెక్కపెడతారులే అనుకుంది.

"నేనే కట్టిన సారూ," అంది ఇప్పుడు, నేల చూస్తూ.

"తెలుసు. వారం నుంచి చూస్తున్న. ఆ ఇంట్ల అందరు ఎక్కెటోళ్ళు, దిగెటోళ్ళు. ఈమె ఒక్కతే వాళ్ళ మధ్యల ఇట్ల ఓరగా నిలబడ్డది, పాపం. ఎవరితోని మాట కలుస్తలేదు."

ఆయన ముడి విప్పారు. చేతులు వణుకుతున్నాయి కాబట్టి చాలాసేపు పట్టింది. భూదవ్వ సాయం పట్టలేదు. విప్పి, చీటీ చేతిలో పట్టుకుని, బుట్ట వైపు చూశారు. భూదవ్వ కూడా బుట్ట వైపే చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెట్‌పల్లి అన్న ముడి కూడా విడిపోయిందని, తన చోటూ ఆ బుట్టేనని ఆమెకు అర్థమైంది.

సారు చీటీని బుట్టలో వేయలేదు. స్టూలు చూపించారు.

"అది తీసుకో. ఈ గదిల నీకు అందరికంటే గొప్ప ఇల్లు ఏదనిపిస్తది?"

భూదవ్వ కళ్ళు తుడుచుకుని చుట్టూ చూసింది. "నౌ అన్న మాట, సారూ. ఇప్పుడు అని. అది మన సంస్కృతానికి చుట్టం అని చెప్పిన్రు."

"ఎక్కు. కింద నుంచి చదువుకుంట పో."

ఆమె స్టూలెక్కింది. దారం పట్టుకుని ఒక్కో చీటీ తిప్పి చూసుకుంటూ చదివింది. "నౌ. దాని పైన నూ అని ఉన్నది, పాత ఇంగ్లీషు. దాని పైన ఇంకో నూ, వాళ్ళ తాతలది. దాని పైన చుక్క పెట్టిన చీటీ. ఆ చీటీ నుంచే పక్కకు ఇంకో దారం ఉన్నది, సంస్కృతానిది."

చుక్క పెట్టిన చీటీలంటే ఏమిటో ఆమెకు తెలుసు. అవి ఎవరూ చెవులారా విన్న మాటలు కావు. పిల్లల పోలికలు చూసి, తల్లి ఇట్లా ఉండి ఉంటుందని పండితులు లెక్క కట్టి రాసుకున్నవి.

"చుక్క చీటీ పైన?" అన్నారు సారు.

"మేకు."

"మేకు మీద ఏం రాసుంది?"

"మేకు మీద ఏం రాస్తరు సారూ?"

సారు దూలం చివర చూపించారు. "ఇటు జరుగు. లాటిన్ వాళ్ళ ఇంటికి రా."

ఆమె దిగి, స్టూలు జరుపుకుని, మళ్ళీ ఎక్కింది. "స్కాందెరె. దాని పైన చుక్క చీటీ. దాని పైన..."

ఆగింది.

"దాని పైన?"

"మేకే సారూ."

మూడో ఇంటికి ఆమెను ఎవరూ జరగమనలేదు. స్టూలు మీద నిలబడే తల తిప్పి చూసింది. దూలం ఈ చివరనుంచి ఆ చివరదాకా మేకులు. చాలావరకు తను కొట్టినవే. అన్నిటికీ ఒకటే తుప్పు. ఎంత పెద్ద ఇల్లయినా, ఎంత పేరున్న వంశమైనా, పైకి పోయి పోయి, ఒక మేకు దగ్గర ఆగింది. ఆ పైన చెక్క. ఇన్నేళ్ళుగా మేకు కొట్టినప్పుడు మేకునే, చీటీ చదివినప్పుడు చీటీనే చూసింది తప్ప, ఆమె రెండూ కలిపి ఎప్పుడూ చూడలేదు.

కింద నుంచి సారు చేయి చాపారు. ఆ చేతిలో సుత్తి, ఒక మేకు ఉన్నాయి. ఇంకో చేతిలో గులాబీ రంగు చీటీ.

భూదవ్వ తీసుకుంది. రెండు వంశాల మధ్య కొంచెం ఖాళీ చూసి, మేకు ఆనించి, కొట్టింది. దూలం మీది దుమ్మంతా సారు తల మీద రాలింది. గదిలో చీటీలన్నీ ఒక్కసారి ఊగాయి.

"సారూ, గది కూలగొడుతున్నరా ఏంది?" అని బయటనుంచి పూలమ్మే యాదగిరి కేక వేశాడు.

"లేదయ్యా, చుట్టమొచ్చింది!" అన్నారు సారు, గడ్డం దులుపుకుంటూ.

చీటీ వేలాడదీసి, అది స్థిరంగా నిలబడేదాకా భూదవ్వ వేలితో పట్టుకుంది. పైన ఏమీ లేదు. కింద కూడా ఇంకా ఏమీ లేదు. అందరి వరసలోనే ఉంది.

సారు నమాజుకు టోపీ పెట్టుకున్నారు. అన్న సంగతి మళ్ళీ ఎత్తలేదు. గడప దాటుతూ వెదురు బుట్టను కాలితో ఆమె వైపు నెట్టి, "మేకులు ఆ డబ్బాల ఇంకా ఉన్నయి," అని మాత్రం అన్నారు.

ఆ మధ్యాహ్నమంతా దర్గా వీధిలో సుత్తి చప్పుడు వినిపించింది.

సాయంత్రం ఇంటికి పోయి, చేతులు కడుక్కుని, భూదవ్వ ఫోన్ తీసింది. తీసి పెట్టింది. మళ్ళీ తీసింది.

"వదినె, నేను భూదవ్వను. మా అన్న రాడు."

"అయ్యో, ఏమైంది? ఒంట్ల బాగలేదా?" అంది సులోచన.

"బాగనే ఉన్నడు. అంటే, లేడు. నాకు అన్న లేడు. మెట్‌పల్లి నేనెన్నడు చూడలే. అబద్ధం చెప్పిన, తప్పైంది. నాకు తల్లిగారోళ్ళు ఎవరో తెల్వదు."

అవతల టీవీలో ఎవరో ఏడుస్తున్నది వినిపిస్తోంది. అది కూడా ఆగిపోయింది.

"మరి పోసేదెవరు?" అంది సులోచన ఆఖరికి.

"నేను. నాకు తల్లిగారిల్లు లేదు గని, నవనీతకు ఉన్నది. నేనున్న."

"అది సరే వదినె. మా ఇంటి ఆనవాయితి ఉండె గదా. నీ ఒళ్ళె ఎవరు పొయ్యకుంటే, నువ్వెట్ల పోస్తవు?"

భూదవ్వ నిదానంగా అడిగింది. ఆ నిదానం ఆమెకే కొత్త. "నీకెవరు పోసిన్రు వదినె?"

"మా అమ్మ."

"ఆమెకు?"

"మా అమ్మమ్మ. కోరుట్లల ఎంత పేరున్న ఇల్లనుకున్నవ్!"

"ఆమెకు?"

"వాళ్ళమ్మ పోసుంటది."

"ఆమెకు?"

"ఆమెకు... ఆమెకు వాళ్ళమ్మ. పేరు యాదికి లేదు."

"ఆమెకు వదినె?"

సులోచన గట్టిగా ఊపిరి వదిలింది. "ఏమో తల్లీ! నన్నడిగితే నాకేం ఎరుక? అప్పుడు నేనున్ననా?"

 ఎవరు ముందు నవ్వారో తరవాత ఇద్దరికీ గుర్తు లేదు. సులోచన నవ్వు ఫోన్‌లోంచి బయటికి పొంగి వచ్చింది.

"నీ అన్నకు పెట్టాల్నని ధోతుల చాపు కొనుక్కొచ్చిన గదనే! అదేం చెయ్యాలె ఇప్పుడు? మా ఆయనకు కడత తియ్యి." కాస్త ఆగింది. "పెండ్లప్పుడే అనుకున్న, నీ దిక్కు నుంచి ఒక్కరు కూడ కనపడ్తలేరేందని. అడిగితే బాధపడ్తవేమోనని అడగలే. ఇగో, ఆదివారం తొమ్మిదింటికల్ల వస్తం. కోడికూర వద్దు. మటన్ పెట్టు."

ఫోన్ పెట్టేశాక భూదవ్వ గోడకు ఆనుకుని అట్లాగే కూర్చుండిపోయింది. భుజాల మీద నుంచి ఎవరో నీళ్ళ బిందె దించినట్టు ఉంది. బిందె ఎత్తుకుని ఉన్నానని కూడా ఆమె మరిచిపోయింది, అంత కాలమైంది.

ఆదివారం నవనీత పీట మీద కూర్చుంది. కొత్త చీర కొంగు ఒళ్ళో పరిచింది. భూదవ్వ పసుపు కలిపిన బియ్యం దోసిట పట్టింది.

"అమ్మా, ఒలకబోస్తున్నవే, జర దగ్గరికి రా," అంది నవనీత మెల్లగా. "ఎవరో పరాయిదానికి పోసినట్టు అంత దూరం నిలబడ్డవేంది?"

భూదవ్వ దగ్గరికి జరిగింది. దోసిలి తరవాత దోసిలి పోసింది. కుడుకలు పెట్టింది, పసుపు కొమ్ములు పెట్టింది, ఖర్జూరాలు పెట్టింది. ముత్తైదువలు వరసగా పోశారు. సులోచన పక్కనే నిలబడి, పోకలు తక్కువైనాయని ఒక మాట, రవికె గుడ్డ రంగు బాగుందని ఒక మాట అంటూ, ఎదురుగా, నిండు కళ్ళతో చూస్తోంది.

లేచే ముందు ఆనవాయితీ ప్రకారం నవనీత తన ఒడిలోంచి పిడికిళ్ళతో బియ్యం తీసి దేవుడి గూట్లో పోసింది. ఆడపిల్ల అట్లా కొంచెం విడిచిపెట్టి పోతే తల్లిగారిల్లు చల్లగా ఉంటుందని అంటారు. "మా తల్లిగారిల్లు సల్లగుండాలె," అంది పైకే.

భూదవ్వ పెరట్లోకి పోయింది. ఈసారి అక్కడ పనేమీ లేదు. కాసేపు గాలికి నిలబడి, కళ్ళు తుడుచుకుని, మటన్ చూడటానికి వచ్చింది.

మర్నాడు మిగిలిన పసుపు బియ్యం వండి, డబ్బాలో పెట్టుకుని దర్గా గదికి పోయింది. సారు సంచి సర్దుకుంటున్నారు. కంటి ఆపరేషన్‌కు గుల్బర్గాలో తమ్ముడి ఇంటికి పోతున్నారు. బయట ఆటో నిలబడి ఉంది. ఆటో ఆయన తొందరపెడుతున్నా, సారు నేల మీద కూర్చుని అన్నం మొత్తం తిన్నారు. ఎట్లా జరిగిందని అడగలేదు. డబ్బా అడుగున చివరి మెతుకు కూడా వేలితో తీసుకున్నారు.

భూదవ్వ తల ఎత్తి దూలం వైపు చూసింది. గులాబీ రంగు చీటీ తన మేకుకు తాను నిశ్చింతగా వేలాడుతోంది. దాని పక్కన బుట్టలోనుంచి వచ్చిన మిగతావన్నీ. చూస్తుంటే ఒక అనుమానం వచ్చింది. అడగాలా వద్దా అనుకుంది. గుల్బర్గా నుంచి సారు ఇక తిరిగి రారని, వానలు పడకముందే అక్కడినుంచి కబురు వస్తుందని అప్పుడామెకు తెలియదు. తెలియదు కాబట్టే, రోజూ అడిగినట్టే అడిగింది.

"సారూ, రేపోమాపో ఎవరన్న పెద్ద చదువులాయన దీని తల్లిని కనిపెడితే ఎట్ల? తల్లి నిజంగనే వెతుక్కుంట వస్తే?"

ఆయన అప్పటికే ఆటోలో ఒక కాలు పెట్టారు. ఆ కాలు వెనక్కి తీసుకుని, ఆమె వైపు నిండుగా తిరిగి చెప్పారు.

"దూరం నుంచి వచ్చుంటది బిడ్డా. ముందుగాల కాళ్ళకు నీళ్ళియ్యి."